గంట దూరంలో అన్నయ్య

మొన్నామధ్య మా మనవరాలు సెలవు పెట్టి నరసరావుపేట వచ్చి, వరండాలో నా మంచం మీదే చతికిలబడి, స్నేహితురాళ్ళతో లద్దాఖ్ వెళ్ళడానికి ఏర్పాట్లు చేసుకుంటూ ఉంది. ఫోను మీద వేళ్ళు అటూ ఇటూ జరిపి, "అమ్మమ్మా, చండీగఢ్ నుంచి లేహ్‌కి విమానంలో ఎంతసేపో తెలుసా? గంటే. దూరం నాలుగు వందల కిలోమీటర్లు కూడా లేదు" అంది. తెలుసమ్మా అన్నాను. నీకెట్లా తెలుసని అది కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది. చెబుదామనే నోరు తెరిచాను, ఇంతలో దానికి ఎవరో ఫోను చేయడంతో లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి అడిగిన సంగతే మరిచిపోయింది. పిల్లలది తప్పు కాదు, వాళ్ళకు గంట అంటే గంటే. ఆ మాటకు మా ఇంట్లో ఒకప్పుడు ఎంత బరువు ఉండేదో నా ఈడు వాళ్ళకయితే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

మేము గురజాల వాళ్ళం. నేను చెప్పేది ఎనభైల మొదట్లో సంగతి. మా నాన్నకు చెప్పుకోదగ్గ మెట్ట పొలం ఉండేది కానీ ఆయన పలుకుబడి పొలం వల్ల వచ్చింది కాదు. ఎవరికి ఏ పని పడినా దాన్ని ఎవరి ద్వారా చేయించాలో ఆయనకు తెలుసు. ఆసుపత్రిలో మంచం దొరకకపోయినా, పిల్లవాడికి కాలేజీలో సీటు రాకపోయినా, దాయాదుల తగాదా ఠాణా దాకా పోయినా పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చేవారు. నాన్న చుట్ట పక్కన పెట్టి, కండువా సర్దుకుని, "నే చూసుకుంటాలే, నువ్ బో" అనేవారు. ఆ ఒక్క మాటతో వచ్చినవాళ్ళు పని అయిపోయినట్టే లేచి వెళ్ళేవారు. నిజంగానే చాలాసార్లు అయ్యేది కూడా. ఈ లోకంలో సిఫారసుకు లొంగని పని ఉండదని నాన్న గట్టి నమ్మకం, మాకూ అదే నమ్మకం.

ఆ నమ్మకం లేనిది మా అన్నయ్య ఒక్కడికే. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో నాన్న ఎవరితోనో చెప్పి మార్కెట్ యార్డులో గుమాస్తా పని ఖాయం చేసి వస్తే, వీడు పోనన్నాడు. "నువ్ చెప్పిచ్చిన ఉద్యోగంలో నేను జన్మంతా నీ కొడుకునే. నా కాళ్ళ మీద నేను నిలబడేది ఎప్పుడు?" అని మొహం మీదే అనేసి, చెప్పాపెట్టకుండా గుంటూరు పోయి, సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్న మైదానంలో పరిగెత్తి, ముందు వరసలో వచ్చి, ఎంపికయి కూర్చున్నాడు. నాన్నకు అది పెద్ద అవమానం. ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అన్నయ్య సెలవుకు వస్తే ఒకే పంచలో ఎదురెదురుగా కూర్చుని, "నీళ్ళు పోసుకుంటాడేమో అడగవే," "పోసుకున్నానని చెప్పమ్మా" అంటూ మధ్యలో మా అమ్మ చేత మాట్లాడించేవారు. నాకు నవ్వొచ్చేది, అమ్మకు ఏడుపొచ్చేది.

పెళ్ళి మాత్రం నాన్న కుదిర్చిందే చేసుకున్నాడు. మా వదినది వెల్దుర్తి. వాన కోసం ఆకాశం చూసి చూసి పంట పండించే ఊరి మనిషి, మాట కటువు, చేయి చురుకు. పెళ్ళయిన రెండో ఏడు ఆడపిల్ల పుట్టింది. అన్నయ్యను అప్పటికి లేహ్ వేశారు, అక్కడ మిలటరీ లారీ నడిపేవాడు. పిల్లను ఇంకా చూడనే లేదు.

మిరప కోతల రోజులు. ఇంట్లో అందరం కల్లంలో ఉన్నాం, ఆడపిల్లల బడిలో హిందీ పంతులమ్మగా అప్పుడే చేరిన నేను కూడా ఆదివారం కావడంతో అక్కడే ఉన్నాను. టెలిగ్రాం వచ్చింది. లారీ మంచు మీద జారి బోల్తా పడిందనీ, కాలికి తీవ్రమైన గాయమనీ, చండీగఢ్ ఆసుపత్రికి తరలిస్తున్నామనీ, ఇంటివాళ్ళు అక్కడికి రావచ్చుననీ క్లుప్తంగా ఇంగ్లీషులో ఉంది. ఎండుమిరప ఘాటుకు ముక్కులు ఎగబీలుస్తూ నేను చదివి చెబుతుంటే ఎవరు దగ్గుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. లేహ్ ఎక్కడుందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, అది కూడా బడి గోడకు వేలాడే పటంలో దేశం నెత్తి మీద ఉంటుందని, అంతే.

నాన్న చేతులు కడుక్కుని, తెల్ల పంచె కట్టుకుని బజారులోకి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి విజయవాడ నుంచి ఢిల్లీకి ముగ్గురికి బెర్తులు చెప్పించి వచ్చారు. భాష కోసం నన్ను, భార్య కాబట్టి వదినను బయలుదేరమన్నారు. చంటిదాన్ని ఆ చలిలోకి తీసుకుపోలేమని అమ్మ దగ్గరే ఉంచాం. వదిన పిల్లను అమ్మకు అందించి ఇక వెనక్కి తిరిగి చూడలేదు. మాచర్ల నుంచి వచ్చే చిన్న రైలెక్కి, నడికుడి మీదుగా గుంటూరు, అక్కడి నుంచి విజయవాడ, ఆ పైన రెండు రాత్రుళ్ళు ఢిల్లీ రైల్లో. కిటికీ బయట ఊళ్ళ పేర్లు తెలుగు నుంచి హిందీలోకి మారాక నాన్న నన్ను ప్రతి స్టేషన్ పేరూ చదవమని అడగడం మొదలుపెట్టారు. అంతకుముందెన్నడూ ఆయన నన్ను ఏదీ అడగలేదు. పలనాట్లో ఎదురుపడిన ప్రతివాడూ లేచి నిలబడే మనిషి ఆ పెట్టెలో కాళ్ళు ముడుచుకుని, రగ్గు కప్పుకుని, టీ కావాలంటే కూడా నా ముఖం చూసేవారు.

చండీగఢ్‌లో మిలటరీ ఆసుపత్రి చేరి, గేటు దగ్గర కాగితాలు చూపించి, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దవయసు గుమాస్తా ముందు నిలబడ్డాం. ఆయన హిందీలో సగం పంజాబీ, నాది పాఠ్యపుస్తకాల హిందీ, అయినా ఆయన చెప్పింది అర్థమయింది. అన్నయ్య ఇంకా రాలేదు. లేహ్‌లోనే ఉన్నాడు. శీతాకాలమంతా మంచు పడి దారులు మూసుకుపోతాయి, అక్కడి నుంచి మనిషి బయటపడాలంటే విమానం ఒక్కటే ఆధారం. ఆ విమానం రోజూ ఇక్కడి నుంచి వెళుతోంది, కొండల మీద మబ్బు పట్టి ఉండడంతో దిగలేక తిరిగి వస్తోంది.

నేను అది తెలుగులో చెప్పాను. "ఎంత దూరమంటమ్మా ఆ ఊరు?" అని అడిగారు నాన్న. విమానంలో గంటట నాన్నా అన్నాను. నేను తప్పు విన్నానేమోనని మళ్ళీ అడగమన్నారు. మళ్ళీ అడిగాను. గుమాస్తా వేలు ఒకటి చూపించాడు.

"గంటా?" అన్నారు నాన్న. "మనూళ్ళో బస్సెక్కితే గంటకి నరసరావుపేట గూడా రాదే!"

అంత దూరం నుంచి వచ్చాం, ఇక మిగిలింది గంట. ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాం. ఒక గురుద్వారాలో ఉండడానికి చోటిచ్చారు. ఎవరు, ఏ ఊరు, ఏ కులం అని ఒక్కరూ అడగకుండా పరుపులిచ్చి అన్నం పెట్టిన ఆ జనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వాటంతటవే దగ్గరకు వస్తాయి. పొద్దున్నే పొగమంచు కాస్త విచ్చాక ఊరి మీదుగా పెద్ద మోతతో ఆ విమానం లేచేది. మేం ముగ్గురం ఆవరణలోకి వచ్చి తల పైకెత్తి నిలబడేవాళ్ళం. కనబడేది కాదు, మోత మాత్రం కొండల వైపు పోతూ పోతూ సన్నబడేది. అది వెంటనే తిరిగొచ్చిందంటే దిగలేదని అర్థం. అందుకని అది రాకూడదు, ఇంకాసేపు రాకూడదు అని మనసులో అనుకుంటూ ఉండగానే, మొదట ఒక తుమ్మెద చప్పుడులా, ఆపైన చెవులు గింగురుమనేట్టు తిరిగి వచ్చేది. ఏడుపు రావడానికి కూడా సమయం ఉండాలి కదా, ఆ మోత వినగానే ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూడకుండా లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం.

నాలుగు రోజులు పోయాక వదిన ఆవరణలోకి రావడం మానేసింది. గురుద్వారా వంటశాలలో ఆడవాళ్ళతో పాటు కూర్చుని రొట్టెలు వత్తడం మొదలుపెట్టింది. మా ఇళ్ళల్లో గోధుమరొట్టె చేసుకున్నది లేదు, అయినా ఒక ముసలమ్మ చేయి పట్టుకుని చూపిస్తే ఇట్టే పట్టేసింది. ఒకరి మాట ఒకరికి తెలియదు, ఆమె పంజాబీలో ఏదో చెబుతూ ఉండేది, ఈమె పలనాటి తెలుగులో జవాబిస్తూ ఉండేది. విమానం వెళ్ళే వేళకు నేను పిలిస్తే, "నేన్ రాను అమ్మాయ్. మాకు ఆకాశం చూట్టం పుట్టినకాణ్ణించీ అలవాటే. చూస్తే వానొస్తదా, చూడకపోతే ఆగుద్దా? చేతులూరికే పెట్టుకుంటే నాకు పిచ్చెక్కుద్ది" అంది.

నాన్న మాత్రం ఊరుకోలేకపోయారు. ఇది ఎవరి చేతిలో ఉన్న పని అని నన్ను పదేపదే అడిగేవారు. మనవైపు పెద్దమనిషి ఒకాయన ఢిల్లీలో ఉన్నాడని గుర్తు తెచ్చుకుని తపాలాఫీసుకు తీసుకుపోయి ఆయనకు టెలిగ్రాం ఇప్పించారు. గుమాస్తా పైన ఎవరు, ఆయన పైన ఎవరు అని కనుక్కోమనేవారు. చివరికి ఒక ఆఫీసరు మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. నాన్న కూర్చోలేదు. ఎవరి ముందూ వంగని మా నాన్న ఆ కుర్రవయసు ఆఫీసరు ముందు రెండు చేతులూ జోడించి, తెలుగులోనే, "అయ్యా, ఒక్కసారి దింపమని చెప్పండయ్యా. ఏం కావాల్నన్నా నేను చూసుకుంటా" అన్నారు. నేను దాన్ని హిందీలోకి మార్చాను. "చూసుకుంటా" అన్న మాట దగ్గర ఆగిపోయాను, దానికి సరిపోయే హిందీ నాకు దొరకలేదు.

ఆ అబ్బాయి విసుక్కోలేదు. లేచి వచ్చి నాన్న భుజం మీద చేయి వేసి, కిటికీ దగ్గరకు నడిపించుకుపోయి, బయటికి చూపించాడు. ఉత్తరం వైపు బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ లేదు. విమానం నడిపేవాళ్ళు కూడా కొడుకులే, తండ్రీ అన్నాడు. నేను అది చెప్పాను. నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డారు. బయటికి వచ్చి మెట్లు దిగుతూ, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "మబ్బుకి ఎవుడి చేత సిఫారసు చెప్పియ్యాల?" అన్నారు.

ఆ మర్నాడు ఆసుపత్రికి పోతే గుమాస్తా మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. అంతకుముందెన్నడూ లేవలేదు. నాన్ననూ వదిననూ బెంచీ మీద కూర్చోమని సైగ చేసి, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. గాయం విషమించిందట, ఇంకా ఆగితే ప్రాణానికే ముప్పని అక్కడి డాక్టర్లు కాలు మోకాలి పైదాకా తీసేశారట. ఆయన చెప్పిన వాక్యంలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కాలు, కోయడం, తప్పలేదు అన్నవి ఆరో తరగతి పిల్లలకు నేను నేర్పే మాటలే. అయినా మళ్ళీ చెప్పమన్నాను. ఆ ఆవరణలో ఆ సంగతి తెలిసిన తెలుగుమనిషిని నేనొక్కదాన్నే. బెంచీ మీద వాళ్ళిద్దరూ నా పెదవుల వైపు చూస్తున్నారు. ఆ పది అడుగులూ నడిచి వాళ్ళ దగ్గరికి పోయాను. హిందీ ఎందుకు నేర్చుకున్నానా అని నా జీవితంలో బాధపడింది ఆ ఒక్కసారే.

చెప్పాను. నాన్న కండువాతో ముఖం కప్పుకున్నారు. "పరిగెత్తి తెచ్చుకున్నాడమ్మా వాడా ఉద్యోగం" అన్నారు లోపలి నుంచి. ఆ మాటలో ఇన్నేళ్ళ కోపం లేదు, అది గొప్పగా చెప్పుకుంటున్న తండ్రి గొంతు.

వదిన ఏడవలేదు. నా మణికట్టు పట్టుకుని, "కాలు సంగతి నేనడగలా. మనిషుండాడా?" అంది. ఉన్నాడు వదినా అన్నాను. "సరిగ్గా అడిగినావా? మళ్ళా అడుగు పో." మళ్ళీ వెళ్ళి అడిగి వచ్చాను. ఉన్నాడన్నాడు వదినా అంటే, అప్పుడు నా చేయి వదిలి, నేల మీద కూలబడి, పైట నోట్లో కుక్కుకుంది.

ఆ తరువాత కూడా రెండు మూడు రోజులు మబ్బు అలాగే ఉంది. ఒక పొద్దున లేచేసరికి ఎవరో కడిగి ఆరబెట్టినట్టు ఆకాశం తేటగా ఉంది. విమానం వెళ్ళింది. మేం ముగ్గురం ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. వెంటనే తిరిగి రాలేదు. ఎండ మెట్ల మీది నుంచి గోడ మీదికి పాకేదాకా రాలేదు. అప్పుడు వచ్చింది, ఆ వెనుక ఎర్రగుర్తు వేసిన బండ్లు వచ్చాయి. మూడో బండిలోంచి దింపారు అన్నయ్యను. గడ్డం పెరిగి, పెదవులు పగిలి, చలికి చర్మం నల్లబడి, వయసు రెట్టింపయినట్టున్నాడు. దుప్పటి ఒకవైపు చదునుగా పడి ఉంది. మేం ముగ్గురమూ అటు చూడకూడదని అనుకుని ముగ్గురమూ అటే చూశాం.

వాడు ముందు నాన్ననే చూశాడు. ఇన్నేళ్ళ తరువాత మధ్యలో అమ్మ లేకుండా మాట్లాడాడు.

"ఏంది నాన్నా, ఇంత దూరమొచ్చావ్? ఎవురి చేత చెప్పిచ్చుకోని వచ్చావ్?"

నాన్న స్ట్రెచర్ కడ్డీ పట్టుకున్నారు. "ఎవురూ లేర్రా. ఈడ మనకెవురూ లేరు" అన్నారు. అని, వాడి తల నిమిరారు. వాడికి పదేళ్ళొచ్చాక నాన్న వాణ్ణి ముట్టుకోవడం నేను చూడలేదు.

అన్నయ్య వదిన వైపు తిరిగి పిల్ల ఎట్లా ఉందని అడిగాడు. "నీ మాదిరే, మొండిది" అంది వదిన. అంతే, ఆ తరువాత వాళ్ళు మాట్లాడుకున్నది మేం వినలేదు, మేం పక్కకు వచ్చేశాం.

అక్కడి డాక్టరును నేను అడగకుండా ఉండలేకపోయాను. విమానం మొదటి రోజే దిగి ఉంటే కాలు దక్కేదా అని. దక్కి ఉండవచ్చు, దక్కకపోనూవచ్చు అన్నాడాయన. ఆ జవాబును నేను తెలుగులోకి మార్చలేదు. నాన్నా అడగలేదు, అన్నయ్యా ఎప్పుడూ అడగలేదు. అక్కడ కోపం తెచ్చుకోవడానికి మనిషంటూ ఒక్కడు కూడా లేడు. అందరూ మంచివాళ్ళే, అందరూ చేయగలిగింది చేశారు. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది అదే. తిట్టుకోవడానికి ఎవరయినా ఉంటే దుఃఖానికి ఒక దారి దొరుకుతుంది కాబోలు.

తరువాతి సంగతులు త్వరగానే చెప్పవచ్చు. పూణేలో కొయ్యకాలు అమర్చి పంపారు. అన్నయ్య గురజాల వచ్చి, నాన్న ఎవరితోనూ చెప్పనవసరం లేకుండా, సొంతంగా కారం మర పెట్టుకున్నాడు. వదిన తూకం దగ్గర, వాడు మర దగ్గర. కొయ్యకాలి చప్పుడు మర చప్పుడులో కలిసిపోయి వినపడేది కాదు. ఆ పైన ఒక కొడుకు కూడా పుట్టాడు. నాన్న అరుగు మీద కూర్చోవడం తగ్గించి మరలో ఒక కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తండ్రీకొడుకులు పెద్దగా మాట్లాడుకునేవారు కాదు కానీ ఇప్పుడా మౌనం వేరు. పనులు పడినవాళ్ళు అక్కడికే వచ్చి అడిగేవారు. నాన్న విని, "అడిగి చూద్దాం లేరా. అవుద్దో కాదో" అనేవారు. పెద్దాయనకు పస తగ్గిందని ఊళ్ళో కొందరు అనుకున్నారు. క్రమంగా రావడం మానేశారు. ఆయనకు అదేమీ బాధగా ఉన్నట్టు నాకు తోచలేదు. నాన్న పోయి చాలా కాలమయింది, అన్నయ్య పోయి కొన్నేళ్ళు.

ఈలోగా ప్రపంచం ఎంత మారిందో నా ఈడు వాళ్ళకు నేను చెప్పాలా? మా చిన్న రైలు పట్టాలు పెద్దవయ్యాయి, నడికుడి నుంచి ఏటి అవతలికి హైదరాబాదు దాకా దారి పడింది. ఎవరికి ఏమయిందో తెలుసుకోవడానికి కల్లంలో నిలబడి టెలిగ్రాం విప్పనక్కరలేదు. అప్పట్లో మిలటరీకి పోయినవాళ్ళు తప్ప పేరు కూడా ఎరగని ఊళ్ళకు ఇప్పుడు పిల్లలు సరదాగా వారానికి పోయి వస్తున్నారు. సంతోషమే. ఎదురుచూడడం ఎంత నలుపుతుందో తెలిసిన వాళ్ళం, వాళ్ళు కూడా అలా నలగాలని కోరుకోం. అయినా, మనుషులందరూ కలిసినా చేయలేనిది ఒకటి ఉంటుందని తెలిసిన తరం మనతోనే పోతుందేమోనని మాత్రం ఒక్కోసారి అనిపిస్తుంది. ఇప్పటికీ ఆ కొండల మీద మబ్బు పడితే విమానం వెనక్కి తిరుగుతుందట.

నిన్న గురజాలకు ఫోను చేసి వదినతో ఈ మాటా ఆ మాటా చెబుతూ, మనవరాలు లేహ్ పోతోందని చెప్పాను. కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"పోయిరానీ అమ్మాయ్. తిరిగొచ్చినాక ఒకసారి నా దగ్గిరికి తీసుకురా. ఎన్నిసార్లడిగినా మీయన్న చెప్పనే లేదు, ఆ ఊరెట్టుంటదో" అంది.